డాక్టర్ రిడ్లీ వేసిన లెన్సు



అరవై దాటిన వాళ్లు నలుగురు ఒకచోట చేరితే షుగరు, మోకాళ్ల నొప్పుల తర్వాత కళ్ల ప్రస్తావన రాక తప్పదు. "ఏ కంటికి చేయించుకున్నారు? లెన్సు వేశారా? మన దేశందేనా, ఫారిన్‌దా? ఎంతయింది?" అని అడిగి తెలుసుకుంటారు. "పొద్దున వెళ్లాను, సాయంత్రానికి ఇంటికొచ్చేశాను" అని ఒకరు చెబితే, "మా వదిన మర్నాడే టీవీ చూసింది" అని ఇంకొకరు అందుకుంటారు. శుక్లం తీయించుకుని లెన్సు వేయించుకోవడం ఇప్పుడు అంత మామూలు విషయం. కానీ ఆ లెన్సును మొట్టమొదట మనిషి కంట్లో పెట్టిన డాక్టరు, ఆ పని చేసినందుకే దాదాపు ముప్పై ఏళ్లు తోటి డాక్టర్ల చేత మాటలు పడ్డాడు. ఆయన పేరు హెరాల్డ్ రిడ్లీ. ఊరు లండన్. ఈరోజు ఆయన గురించి చెబుతాను.

ఆయన ఏం చేశాడో తెలియాలంటే ఆయనకు ముందు ఏముండేదో చెప్పుకోవాలి. మన కంటిపాప వెనక సహజంగా ఒక లెన్సు ఉంటుంది. అంచనాకి శనగబద్దంత. పుట్టినప్పుడు స్ఫటికంలా స్వచ్ఛంగా ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ మసకబారుతుంది. దాన్నే శుక్లం అంటున్నాం. ఊళ్లలో "కంటికి పొర కమ్మింది" అంటారు గానీ, నిజానికి పైనుంచి ఏ పొరా వచ్చి కమ్మదు. లోపలి లెన్సే తెల్లబడుతుంది. మన సుశ్రుతుడి కాలం నుంచీ వైద్యులు ఆ తెల్లబడ్డ లెన్సును సన్నని పనిముట్టుతో పక్కకు నెట్టేవాళ్లు. 1747లో ఫ్రాన్సులో జాక్ దావియెల్ అనే ఆయన కన్ను కోసి దాన్ని బయటికే తీశాడు. పెద్ద ముందడుగే. అయితే తీసిన లెన్సు స్థానంలో మరొకటి పెట్టాలన్న ఆలోచన మాత్రం ఆ తర్వాత రెండు వందల ఏళ్ల దాకా ఆచరణలోకి రాలేదు. శుక్లం తీసేవాళ్లు, కట్టు కట్టేవాళ్లు, ఆ తర్వాత కళ్లద్దాలు రాసేవాళ్లు.

ఆ కళ్లద్దాలు ఎలా ఉండేవో నడివయసు దాటిన శ్రోతలకు గుర్తుండే ఉంటుంది. సోడాబుడ్డి అద్దాలు. పవర్ ప్లస్ పది, ఆ పైన. వాటిలోంచి చూస్తే ప్రతి వస్తువూ పావు వంతుకు పైగా పెద్దదిగా, ఉన్నదానికంటే దగ్గరగా కనిపిస్తుంది. గ్లాసులోకి నీళ్లు వంపబోతే పక్కన పడతాయి. మెట్టు ఉందనుకుని కాలు వేస్తే ఉండదు. ఎదురుగా ఉన్న మనిషి ముఖం బాగానే కనిపిస్తుంది గానీ, పక్కనుంచి వచ్చే సైకిలు మాత్రం చూపు అంచున ఎక్కడో మాయమై, ఒక్కసారిగా మీద పడేంత దగ్గరగా ప్రత్యక్షమవుతుంది. గేదె కొమ్ము తగిలి పడిపోయిన ముసలివాళ్లనీ, గుమ్మం కమ్మీ అందక తడుముకునే ముసలివాళ్లనీ చూసి, "పాపం, ఆపరేషన్ సరిగ్గా కుదర్లేదు" అనుకునేవాళ్లం. ఆపరేషన్ బాగానే కుదిరింది. అప్పటి వైద్యం వల్ల అయ్యేది అంతవరకే. ఇక ఒక కంటికే శుక్లం వచ్చి రెండో కన్ను బాగా ఉన్నవాళ్ల అవస్థ మరీ దారుణం. ఒక కంట్లో బొమ్మ పెద్దది, ఇంకో కంట్లో చిన్నది. మెదడు ఆ రెండింటినీ కలపలేదు. అన్నీ రెండు రెండుగా కనిపించేవి. అలాంటివాళ్లకు ఆపరేషన్ చేసినా చేయనట్టే.

ఇదంతా రోజూ కళ్లారా చూస్తున్న డాక్టర్లలో రిడ్లీ ఒకడు. 1906 జూలై 10న ఇంగ్లండులోని లెస్టర్ ప్రాంతంలో, కిబ్‌వర్త్ హార్‌కోర్ట్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి కూడా కంటి డాక్టరే. కేంబ్రిడ్జిలో చదువు, తర్వాత లండన్‌లో సెయింట్ థామస్ ఆసుపత్రిలో వైద్య శిక్షణ. 1938 నాటికి, ముప్పై రెండేళ్లకే, మూర్‌ఫీల్డ్స్ కంటి ఆసుపత్రిలో సర్జన్ అయ్యాడు. కంటి వైద్యంలో అంతకంటే పేరున్న చోటు అప్పట్లో ఆ దేశంలో లేదు. మనిషి మాత్రం మితభాషి, బిడియస్తుడు. నలుగురిలో గొంతు పెంచే రకం కాదు. తర్వాత జరిగిన గొడవలన్నీ అలాంటి మనిషికి ఎదురయ్యాయని గుర్తుపెట్టుకుని వినండి.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. సైన్యం ఆయన్ని పడమటి ఆఫ్రికాకి, ఇప్పటి ఘనాకి పంపింది. అక్కడ ఫున్సీ అనే మారుమూల పల్లెలో ఆయన చూసింది ఊరు ఊరే చూపు కోల్పోతున్న దృశ్యం. నదుల ఒడ్డున ఒక రకం నల్ల ఈగ కుడుతుంది. ఆ కాటుతో ఒంట్లోకి పురుగులు చేరతాయి. వాటి పిల్లలు కంటిదాకా పాకి కన్ను చెడగొడతాయి. రివర్ బ్లైండ్‌నెస్ అంటారు. రిడ్లీ ఆ గ్రామస్థుల కళ్లను పరీక్షించి, లోపల రెటీనా ఎలా పాడయిందో చేత్తో బొమ్మ గీసి మరీ, 1945లో ఒక గ్రంథం వెలువరించాడు. ఇప్పటికీ ఆ జబ్బులో రెటీనాకు జరిగే మార్పుకు ఆయన పేరు కూడా కలిపి చెబుతారు. తర్వాత ఆయన మన వైపు కూడా వచ్చాడు. థాయిలాండులో జపాన్ వాళ్ల చెర నుంచి విడుదలైన సైనికుల్లో చాలామందికి తిండి లేక చూపు దెబ్బతింది. వాళ్లను పరీక్షించి దాని మీద కూడా రాశాడు. లెన్సు కథ లేకపోయినా, ఈ రెండు పనులతోనే ఆయన పేరు కంటి వైద్యంలో నిలిచేది.

లెన్సు కథ మొదలైంది కూడా ఆ యుద్ధంలోనే. 1940 ఆగస్టు. జర్మన్ విమానాలు ఇంగ్లండు మీద విరుచుకుపడుతున్న రోజులు. స్నేహితులు 'మౌస్' అని పిలుచుకునే గోర్డన్ క్లీవర్ అనే పైలట్ హరికేన్ విమానంలో వించెస్టర్ మీదుగా ఎగురుతుండగా తూటాలు వచ్చి తగిలాయి. పైలట్ కూర్చునే చోటును కప్పి ఉంచే పారదర్శకమైన మూత ముక్కలు ముక్కలైంది. ఆ మూత గాజు కాదు, పెర్‌స్పెక్స్ అనే ప్లాస్టిక్. ఆ ముక్కలు క్లీవర్ రెండు కళ్లలోకీ దూసుకుపోయాయి. ఏమీ కనిపించని స్థితిలోనే విమానాన్ని తలకిందులు చేసి పారాచూట్‌తో దూకేశాడు. ప్రాణం దక్కింది. ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండోది దెబ్బతిన్నా మిగిలింది. ముఖానికీ కళ్లకీ కలిపి ఎన్నో ఆపరేషన్లు జరిగాయి. అతనికి వైద్యం చేసినవాళ్లలో రిడ్లీ ఉన్నాడు.

అలాంటి పైలట్లు ఇంకా కొందరు వచ్చారు. కంట్లో ఏ ముక్క పడినా కన్ను ఊరుకోదు. ఇనుప రజను పడితే తుప్పు లోపలికి దిగి కన్ను పాడవుతుంది. పుల్ల గుచ్చుకుంటే చీము పడుతుంది. అందుకే కంట్లో పడ్డ వస్తువును ఎలాగైనా తీసెయ్యాలన్నది కంటి డాక్టర్లకు మొదటి పాఠం. ఈ పైలట్ల కళ్లలో మాత్రం తీయడానికి వీలుకాక వదిలేసిన పెర్‌స్పెక్స్ ముక్కలు నెలలు గడిచినా ఏ అల్లరీ చేయలేదు. పదునైన అంచు సున్నితమైన చోట రాసుకుంటే తప్ప ఎరుపు లేదు, వాపు లేదు. కన్ను వాటిని పట్టించుకోనట్టే ఉంది. ఆ ముక్కల్ని చూసిన డాక్టర్లు రిడ్లీ ఒక్కడే కాదు. చాలామంది చూశారు, కేసు షీట్లలో రాసుకున్నారు. ఆ విషయాన్ని ఇంకో పనికి వాడుకోవచ్చన్న ఊహ ఆయనకే వచ్చింది.

ఆ ఊహను ముందుకు నెట్టింది ఒక విద్యార్థి. స్టీవ్ ప్యారీ అనే వైద్య విద్యార్థి సెయింట్ థామస్‌లో రిడ్లీ శుక్లం ఆపరేషన్ చేస్తుంటే చూస్తున్నాడు. అంతా అయ్యాక, "తీసిన లెన్సు బదులు ఇంకోటి పెట్టలేకపోవడం బాధగా ఉంది సార్" అన్నట్టుగా ఒక మాట అన్నాడు. కంటి శాస్త్రం అప్పుడప్పుడే నేర్చుకుంటున్న కుర్రాడు కాబట్టే ఆ మాట అనగలిగాడు. పది ఆపరేషన్లు చేసినవాడు అడగడు, ఎందుకంటే జవాబు కుదరదని ముందే నేర్చేసుకుని ఉంటాడు. రిడ్లీ మనసులో ఎప్పటినుంచో మెదులుతున్న ఆలోచనే అది. అయినా, ఒక పిల్లవాడు అడిగిన ప్రశ్న తన ఆలస్యాన్ని గుర్తుచేసిందని ఆయన దాచుకోలేదు. జీవితాంతం ఆ విద్యార్థిని పేరుపెట్టి తలుచుకున్నాడు. నాకు రిడ్లీ మీద గౌరవం పెరిగింది ఇక్కడే.

తర్వాత చేయాల్సిన పని, లెన్సు తయారుచేసేవాణ్ణి వెతుక్కోవడం. కళ్లద్దాల లెన్సులు చేసే రేనర్ కంపెనీలో జాన్ పైక్ అనే నిపుణుడు ఉన్నాడు. రిడ్లీ అతన్ని లండన్‌లో కావెండిష్ స్క్వేర్ దగ్గర కలిశాడు. కారులో కూర్చునే ఇద్దరూ మాట్లాడుకున్నారు. నలుగురి చెవిన పడితే ఈ ఆలోచన మొదట్లోనే ఆగిపోతుందని రిడ్లీ భయం. గాజు అయితే బరువు, కాబట్టి పెర్‌స్పెక్సే మేలనుకున్నారు. అయితే విమానాలకు వాడే రకంలో మిగిలిపోయిన రసాయనాలు కంటికి పడకపోవచ్చు. పెర్‌స్పెక్స్ తయారుచేసే ఐసీఐ కంపెనీలో జాన్ హోల్ట్ అనే శాస్త్రవేత్త కంటి కోసం ప్రత్యేకంగా శుద్ధిచేసిన రకాన్ని తయారుచేసి ఇచ్చాడు. పైక్ దాన్ని చెక్కి లెన్సు చేశాడు. ఎనిమిది మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ వెడల్పు. సహజమైన లెన్సులాగే రెండు వైపులా ఉబ్బెత్తు. ఇప్పుడు మనకు వేసే మడత లెన్సులతో పోలిస్తే అది ఎన్నో రెట్లు బరువు. ఈ లెన్సు మీద రిడ్లీ సొంతానికి డబ్బు చేసుకోలేదని ఇక్కడే చెప్పాలి.

1949 నవంబరు 29. సెయింట్ థామస్ ఆసుపత్రి. రోగి నలభై అయిదేళ్ల స్త్రీ, ఒక కంటికి శుక్లం. ఆపరేషన్ గది తలుపులు మూసేశారు. లోపల ఉన్నవాళ్లు తప్ప ఆసుపత్రిలో ఎవరికీ తెలియదు. సహజమైన లెన్సు చుట్టూ పల్చటి సంచి ఒకటి ఉంటుంది. అప్పట్లో మంచి సర్జన్లంతా ఆ సంచితో సహా లెన్సును మొత్తంగా లాగేసే పద్ధతికి మారుతున్నారు. రిడ్లీ పాత పద్ధతికి వెళ్లాడు. సంచి ముందు భాగం చీల్చి, లోపలి తెల్లటి పదార్థం తీసేసి, వెనక పొరను అలాగే ఉంచాడు. ఎందుకంటే కొత్త లెన్సు కూర్చోవడానికి అదే పీట. లెన్సును అందులో అమర్చి చూశాడు. అయితే కన్ను కుదుటపడే దాకా ఆగుదామని ఆరోజు దాన్ని అక్కడే ఉంచలేదు. 1950 ఫిబ్రవరి 8న, రెండో విడతలో, లెన్సును శాశ్వతంగా పెట్టాడు. కంటిని ఎన్నో రెట్లు పెద్దదిగా చూపించే మైక్రోస్కోపులు, వెంట్రుక కంటే సన్నని దారాలు ఉన్న ఇప్పటి ఆపరేషన్ గదిని తలుచుకుని, అవేవీ లేని ఆ గదిని ఊహించండి.

కన్ను ఆ లెన్సును భరించింది. కానీ పవర్ లెక్క తప్పింది. సహజమైన లెన్సు వంపులనే పోలి ప్లాస్టిక్ లెన్సు చెక్కారు. ప్లాస్టిక్ మాత్రం కాంతిని సహజమైన లెన్సు కంటే ఎక్కువగా వంచుతుంది. దాంతో ఆమె కంటికి దూరం చూడాలంటే మైనస్ పద్దెనిమిది అద్దం అవసరమైంది. ఆమె చూపు దగ్గరి వస్తువులకే పరిమితమైపోయింది. ఇంకొకరయితే అక్కడితో మానేసేవారేమో. రిడ్లీ, పైక్ కూర్చుని లెక్క సరిచేశారు, వంపులు తగ్గించారు. తర్వాతి రోగులకు చక్కటి చూపు వచ్చింది.

కనీసం రెండేళ్లయినా ఫలితాలు చూశాకే బయటపెడదామని రిడ్లీ అనుకున్నాడు. కాని రహస్యం ఒక విచిత్రమైన దారిలో బయటికి పొక్కింది. లండన్‌లోనే ఫ్రెడరిక్ రిడ్లీ అని ఇంకో కంటి డాక్టరు ఉన్నాడు. ఇద్దరికీ చుట్టరికం లేదు, ఇంటిపేరు ఒకటే. లెన్సు వేయించుకున్న రోగి ఒకరు పొరపాటున ఆ రిడ్లీ దగ్గరికి వెళ్లారు. ఆయన కంట్లోకి చూసి అవాక్కయ్యాడు. ఇక దాచే వీలు లేదు. 1951 జూలైలో ఆక్స్‌ఫర్డ్‌లో జరిగిన కంటి వైద్యుల మహాసభలో రిడ్లీ తన పని గురించి చదివాడు. తనతోపాటు ఇద్దరు రోగుల్ని కూడా తీసుకెళ్లాడు. ఇద్దరికీ చూపు చక్కగా ఉంది. "చూడండి, మీరే పరీక్షించండి" అన్నదే ఆయన వాదన.

అక్కడ ఇంగ్లండు కంటి వైద్యానికి పెద్దదిక్కు లాంటి సర్ స్టూవర్ట్ డ్యూక్-ఎల్డర్ ఉన్నాడు. ఆయన రాసిన గ్రంథాలు అన్ని దేశాల కంటి డాక్టర్ల బల్లల మీదా ఉండేవి. ఆ రోగుల్ని పరీక్షించడానికి ఆయన ఒప్పుకోలేదు. ఆపరేషన్ తప్పని వాదించి ఉంటే అది వేరు. వాదించవచ్చు. కళ్లెదుట ఉన్న కన్నును చూడనే చూడననడం నాకు కష్టంగా ఉంటుంది. కంటి వైద్యంలో అంత పెద్దమనిషి చేయవలసిన పని కాదది. మరుసటి ఏడాది రిడ్లీ అమెరికాకు వెళ్లి షికాగో సభలో మాట్లాడాడు. అక్కడ కూడా పెద్దలు ఇది దుస్సాహసమన్నారు. అమెరికాలో ఫిలడెల్ఫియాకు చెందిన వారెన్ రీస్ లాంటి ఒకరిద్దరు మాత్రం ధైర్యం చేసి ఆ లెన్సును వేశారు.

రిడ్లీ పక్షాన నిలబడి చెబుతున్నా, ఎదుటివాళ్ల భయంలోనూ నిజం ఉందని ఒప్పుకోవాలి. మొదటి లెన్సుకు కాళ్లు లేవు. సంచిలో కూర్చోబెట్టడమే. కొందరిలో అది జారి కంటి అడుగుకు పడిపోయింది. కొందరికి కంట్లో ఒత్తిడి పెరిగి గ్లాకోమా వచ్చింది. లెన్సు మీద సూక్ష్మక్రిములు లేకుండా చేయడానికి వాడిన సెట్రిమైడ్ అనే మందు దాని మీదే కొంచెం మిగిలిపోయి, కంట్లో వాపు తెచ్చిందని ఆలస్యంగా తెలిసింది. అన్నట్టు, ఆ చిక్కు విప్పడానికి కాస్టిక్ సోడాతో శుద్ధిచేసే పద్ధతి సూచించింది ఎవరనుకున్నారు? రహస్యం బయటపడడానికి కారణమైన ఆ ఫ్రెడరిక్ రిడ్లీయే. మొత్తం మీద రిడ్లీ వేసిన తొలి రకం లెన్సుల్లో సుమారు పదిహేను శాతం దాకా మళ్లీ తీసేయాల్సి వచ్చింది. నూటికి పదిహేను మంది తక్కువేం కాదు. ఒక్కో లెన్సు తీసినప్పుడల్లా ఒక మనిషి కన్నే పణంగా ఉంటుంది. ఆ లెక్కలు ఆయన దాచలేదు. ఇంకో రకం లెన్సు చేసి, కంటిపాప ముందు వైపు అమర్చే ప్రయత్నం కూడా చేశాడు. ఆ రోజుల్లో ఆయన బాగా కుంగిపోయాడు.

అదే సమయంలో ఇతర దేశాల్లో ఆయన పనిని అందుకున్నవాళ్లు లేచారు. ఇటలీలో స్ట్రాంపెల్లి, నెదర్లాండ్స్‌లో బింక్‌హార్స్ట్, రష్యాలో ఫ్యదొరోవ్, ఇంగ్లండులోనే పీటర్ చోయిస్. ఒక్కొక్కరు ఒక్కో రకం లెన్సు చేశారు. కొన్ని కంటిపాప ముందు కూర్చునేవి, కొన్ని కంటిపాపకే కొక్కెంలా తగులుకునేవి. ఎక్కువ భాగం ఏదో ఒక ఇబ్బంది తెచ్చాయి. ఈ పని చేస్తున్న డాక్టర్లంతా ఒంటరివాళ్లే, ఎక్కడికక్కడ తిట్లు తింటున్నవాళ్లే. 1966 జూలైలో రిడ్లీ, చోయిస్ కలిసి లండన్‌లో వాళ్లందర్నీ ఒకచోట చేర్చి ఇంట్రా ఆక్యులర్ ఇంప్లాంట్ క్లబ్ పెట్టారు. ఎక్కడ ఏ లెన్సు ఎందుకు విఫలమైందో ఒకరికొకరు నిజాయితీగా చెప్పుకునే చోటు దొరికింది. ఆ క్లబ్బును ఒక లెన్సు కనిపెట్టినంత పనిగా లెక్కేస్తాను నేను.

1971లో రిడ్లీ ఉద్యోగం నుంచి రిటైరయ్యాడు. విల్ట్‌షైర్‌లో ఒక పల్లెలో ఇల్లు, పక్కనే ఏరు, చేపలు పట్టడం. ఆయన్ని చాలామంది మర్చిపోయారు కూడా. ఆ తర్వాతే గాలి మళ్లింది. 1975లో ఇంగ్లండులో జాన్ పియర్స్, 1977లో అమెరికాలో స్టీవెన్ షీరింగ్ లెన్సును మళ్లీ కంటిపాప వెనక్కి తీసుకెళ్లారు. అంటే పాతికేళ్లు అటూ ఇటూ తిరిగి, రిడ్లీ మొదటిరోజు పెట్టిన చోటికే అందరూ చేరుకున్నారు. ఈసారి లెన్సుకు సన్నని కాళ్లున్నాయి. మైక్రోస్కోపు వచ్చింది, సన్నని దారం వచ్చింది, శుక్లాన్ని అల్ట్రాసౌండ్‌తో పొడిచేసి పీల్చేసే యంత్రం వచ్చింది. చోటు విషయంలో రిడ్లీ మొదట్లోనే సరిగ్గా ఉన్నాడు. పనిముట్లు మాత్రం ఆయన్ని అందుకోవడానికి అన్నేళ్లు తీసుకున్నాయి. 1981లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ కంటి లెన్సుకు తొలిసారి ఆమోదం ఇచ్చింది. ఆ లెన్సు చోయిస్ రూపొందించినది, తయారుచేసింది అదే రేనర్ కంపెనీ.

గౌరవాలు ఆలస్యంగానే వచ్చాయి. 1986లో రాయల్ సొసైటీ సభ్యత్వం. 2000 సంవత్సరంలో, తొంభై మూడేళ్ల వయసులో, సర్ బిరుదు. ఈ రెంటికంటే నాకు నచ్చే సంగతి వేరే ఉంది. ఎనభై దాటాక రిడ్లీకి తన రెండు కళ్లకీ శుక్లాలు వచ్చాయి. ఆపరేషన్ చేయించుకుని లెన్సులు వేయించుకున్నాడు. అదీ ఎక్కడ? సెయింట్ థామస్ ఆసుపత్రిలోనే. ఆ పైలట్ క్లీవర్ కూడా అంతే. మిగిలిన ఆ ఒక్క కంటికి వయసు మీద శుక్లం వస్తే, 1980ల్లో అతనికి కూడా లెన్సు వేశారు. యుద్ధంలో గుచ్చుకున్న పెర్‌స్పెక్స్ ముక్కలతో పాటు, దానితోనే చేసిన లెన్సు కూడా ఆ కంట్లో చేరిందన్నమాట. రిడ్లీ 2001 మే 25న, తొంభై నాలుగేళ్ల వయసులో కన్నుమూశాడు.

మన దగ్గరికి ఈ లెన్సు ఎలా వచ్చిందో చెప్పకపోతే ఈ ప్రసంగం సగంలో ఆగినట్టే. 1980ల్లో లెన్సు విదేశం నుంచి రావాలి. ధర ఆపరేషన్ ఖర్చును మించేది. అందుకే కంటి శిబిరాల్లో పేదవాళ్లకు శుక్లం తీసి సోడాబుడ్డి అద్దాలిచ్చి పంపేవాళ్లు. ఆ అద్దాలు పగిలితే, పోతే, మళ్లీ గుడ్డితనమే. 1992లో మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రి వాళ్లు ఆరోల్యాబ్ పెట్టి లెన్సులు ఇక్కడే తయారుచేయడం మొదలుపెట్టారు. విదేశంలో వంద డాలర్ల దాకా పలికే లెన్సు, పది డాలర్ల స్థాయికి దిగివచ్చింది. 1994లో ప్రపంచ బ్యాంకు సాయంతో కంటి శుక్లాల నివారణకు పెద్ద పథకం మొదలైంది. అందులో ఉన్న ఏడు రాష్ట్రాల్లో అప్పటి మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. జిల్లా ఆసుపత్రుల డాక్టర్లకు లెన్సు వేయడంలో శిక్షణ దొరికింది. హైదరాబాదులో 1987 నుంచే ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. అలా మన పల్లెల్లో సోడాబుడ్డి అద్దాలు నెమ్మదిగా కనుమరుగయ్యాయి. ఇప్పటి పిల్లలకు ఆ మాట సినిమా హాస్యంగానే తెలుసు.

అద్దాలు పోయినా, వాటి కాలంనాటి నమ్మకం ఒకటి మాత్రం మన ఇళ్లలో ఇంకా ఉంది. "శుక్లం ముదరాలి, అప్పుడే ఆపరేషన్ చేయించుకోవాలి" అంటారు. ఆ మాట పుట్టిన రోజుల్లో అది సబబే. లెన్సు లేని రోజుల్లో ఆపరేషన్ అయినా సరిగ్గా కనిపించేది కాదు గనక, ఉన్న చూపు పూర్తిగా పోయేదాకా ఆగడమే మేలనుకునేవాళ్లు. పచ్చి శుక్లం తీయడమూ అప్పట్లో కష్టం. ఇప్పుడు పరిస్థితి పూర్తిగా తిరగబడింది. బాగా ముదిరి గట్టిపడిన శుక్లం తీయడమే డాక్టరుకు కష్టం. మరీ ముదిరితే కంట్లో వాపు, ఒత్తిడి కూడా వచ్చే ప్రమాదం ఉంది. పేపరు చదవడం, బియ్యంలో రాళ్లు ఏరడం, రాత్రి పూట ఎదురొచ్చే లైట్లలో దారి కనిపించడం, ఇలాంటి రోజువారీ పనులకు ఇబ్బంది మొదలైతే చూపించుకోవచ్చు. షుగరున్నవాళ్లు ఆపరేషన్‌కు ముందే రెటీనా పరీక్ష కూడా చేయించుకోవడం మంచిది.

ఆపరేషన్ అయిన కొన్ని నెలలకో, ఏళ్లకో మళ్లీ మసకగా అనిపిస్తే, "శుక్లం తిరిగొచ్చింది, లెన్సు చెడిపోయింది" అని కంగారుపడకండి. రిడ్లీ లెన్సుకు పీటగా ఉంచిన ఆ వెనక పొరే కొందరిలో మసకబారుతుంది. లేజర్‌తో కొద్ది నిమిషాల్లో దారి చేస్తారు, కోత ఉండదు. ఇక మీ ఇంట్లో ఎవరికైనా లెన్సు వేస్తే, దాని పవరు, నంబరు రాసిన కార్డు ఇస్తారు. ఆ కార్డును ఆధార్ కార్డు పెట్టే చోటే పెట్టండి. రేపు రెండో కంటికి చేసేటప్పుడు డాక్టరు అడిగేది దాన్నే.